మొక్కల సందేహాలు: మంచుకొండల పొట్టి రోడోడెండ్రాన్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మొక్క మీద. చార్‌ధామ్ యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు కొండ మీద చూసి అడిగారు, విదేశాల్లో ఉన్నవాళ్లు పెరట్లో పెంచుతూ అడిగారు. రోడోడెండ్రాన్లలో దాదాపు వెయ్యి జాతులున్నాయి. ఉత్తరాఖండ్‌లో బురాన్ష్ అని పిలిచేది, నేపాల్‌కు జాతీయ పుష్పమైనది నిలువెత్తు చెట్టు. ఇక్కడ మాట్లాడుకునేది అది కాదు. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక మోకాలి ఎత్తులో, ఒక్కోచోట జానెడు ఎత్తులోనే నేలను కప్పుతూ పెరిగే సతతహరిత పొదలు. ఆకు చిన్నది, గట్టిది. వెనకవైపు సన్నని పొలుసులుంటాయి. మంచు కింద ఆరునెలలుండి, కరిగిన వెంటనే పూస్తాయి.

జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లోని తుంగనాథ్ వెళ్లాం. గుడి దాటాక చంద్రశిల దారిలో లేత పసుపు పూల పొదలు కనిపించాయి. ఆకు నలిపితే ఘాటైన వాసన. అదేమిటి? మా ఇంటికి ఒక మొక్క తెచ్చుకోవచ్చా? (విజయవాడ నుంచి)

మీరు చెప్పిన గుర్తులన్నీ రోడోడెండ్రాన్ ఆంథోపోగాన్‌కు సరిపోతున్నాయి. నేపాలీలు సున్‌పాతీ అంటారు. చోప్తా నుంచి పైకి నడిచేవాళ్లకు ఈ కుటుంబమంతా మెట్లు మెట్లుగా ఎదురవుతుంది. కింద ఎర్రపూల బురాన్ష్ చెట్లు మార్చి, ఏప్రిల్‌లోనే పూసి ముగిస్తాయి. చెట్లు పలచబడేచోట కాంపాన్యులాటమ్ అనే గుబురు పొద వస్తుంది. దాని ఆకు పెద్దది, వెనక గోధుమరంగు నూగు, పూలు లేత ఊదా గంటల్లా ఉంటాయి. అది కూడా ఆగిపోయాక, సుమారు 3,680 మీటర్ల ఎత్తున్న గుడి పరిసరాల నుంచి పైకి మీరు చూసిన పొట్టిది మొదలవుతుంది. మే చివర నుంచి జూన్ అంతా దాని పూత కాలం.

మళ్లీ వెళ్తే పువ్వు లోపలికి తొంగి చూడండి. ఆంథోపోగాన్ పువ్వు సన్నని గొట్టంలా ఉండి కేసరాలు లోపలే దాగి ఉంటాయి. కేసరాలు బయటికి కనిపిస్తూ పువ్వు విప్పారి ఉంటే అది లెపిడోటమ్ అనే మరో పొట్టి జాతి. పూల రంగు చూసి తేల్చుకోవద్దు. ఆంథోపోగాన్‌లోనే తెలుపు, లేత పసుపు, గులాబీ మూడూ ఉన్నాయి.

మొక్క తేవడం మాత్రం వద్దు. ఆ ప్రాంతం కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడి మొక్కను పీకడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా అది బతకదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

హైదరాబాద్‌లో మిద్దెతోట ఉంది. పొట్టి రోడోడెండ్రాన్ పెంచాలని కోరిక. ఏసీ గదిలో పెడితే? పోనీ, చలికాలంలో మాత్రం బయట పెడితే?

చాలామంది దీనికి చలి కావాలనుకుంటారు. అసలు కావలసింది చల్లని వేళ్లు. రోడోడెండ్రాన్ వేరు తలవెంట్రుక కంటే సన్నం. తల్లి వేరు లోతుకు దిగదు. అన్నీ పైనున్న జానెడు మట్టిలోనే అల్లుకుంటాయి. ఆ వేళ్లలోనే ఉండే ఒక రకం శిలీంధ్రం వాటికి ఆహారం అందిస్తుంది. ఎండకు కాగిన కుండీలో ఈ పై పొరే ముందు మాడుతుంది. వేడిగా, తడిగా ఉన్న మట్టిలో ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్లు తెగులు విజృంభిస్తుంది. నీళ్లు తగ్గిస్తే వేళ్లు ఎండుతాయి, పెంచితే కుళ్లుతాయి. మే నెల హైదరాబాద్‌లో ఈ రెంటికీ మధ్య చోటు లేదు.

రెండో అడ్డంకి రాత్రులు. పగలు ఆకు తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని రాత్రి శ్వాసకు ఖర్చు చేస్తుంది. రాత్రి కూడా 25 డిగ్రీల పైనే ఉంటే ఆ ఖర్చు ఆదాయాన్ని మించుతుంది, మొక్క నెలనెలా చిక్కిపోతుంది. మూడోది నీరు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఈ మొక్కకు ఉదజని సూచిక (పీహెచ్) 4.5 నుంచి 6 మధ్య ఉండే ఆమ్ల నేల కావాలి.

ఏసీ గది వేడిని తగ్గిస్తుంది, దానితోపాటు గాలిలో తేమనూ లాగేస్తుంది. వెలుతురు చాలదు. నిద్రకాలానికి తగిన చలి రాదు. కరెంటు బిల్లు తప్ప ఏమీ పూయదు.

కుండీలో పొట్టిగా, ఏడాదంతా ఆకుతో, గుత్తులుగా పూసేదే మీకు కావాలంటే పొట్టిరకం నూరువరహాలు పెట్టండి. అదీ కొంచెం ఆమ్ల నేలనే ఇష్టపడుతుంది. బోరు నీళ్లకు ఆకులు పసుపెక్కితే వాన నీరు పట్టి పోయండి.

లంబసింగిలో చలికాలం సున్నా దగ్గరికి పోతుంది కదా. అక్కడైనా? (నర్సీపట్నం నుంచి)

కొన్ని తెల్లవారుజాముల చలి చాలదు. లంబసింగి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. ఎండాకాలం పగలు అక్కడా 30 దాటుతుంది. పొట్టి జాతుల సొంత ఊరు 3,000 మీటర్ల పైన. తూర్పు కనుమల్లో అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లలోపే. మనకు దగ్గరలో సహజంగా పెరిగే రోడోడెండ్రాన్ చూడాలంటే నీలగిరులు, పళని కొండలు, మున్నార్ వైపు పోవాలి. అక్కడున్నది ఎర్రపూల చెట్టు రకం, బురాన్ష్‌కు దక్షిణాది ఉపజాతి. పొట్టివి దక్షిణాదిన ఎక్కడా లేవు.

లండన్ దగ్గర ఉంటాం. ఊదారంగు పూల ఇంపెడిటమ్ అనే పొట్టి రోడోడెండ్రాన్‌ను రెండేళ్ల కిందట కుండీలో పెట్టాను. ఇప్పుడు కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఎరువు వేసినా మార్పు లేదు. ఆకుల అంచులు కూడా ఎవరో కత్తిరించినట్టు నొక్కులు పడుతున్నాయి.

రెండూ వేర్వేరు సమస్యలు. రెండోదే ప్రమాదకరం, కాని ముందు మొదటిది చూద్దాం.

ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా, అదీ లేత ఆకుల్లో మొదలైతే ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు. మీ కెటిల్ అడుగున తెల్లపొర కడుతోందా? ఆ సున్నమే రెండేళ్లుగా కుండీలోనూ చేరింది. ఉదజని సూచిక 6.5 దాటాక ఇనుము మట్టిలో ఉండికూడా వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. అందుకే మామూలు ఎరువు ఎంత వేసినా లాభం లేదు. అందులో సున్నం ఉంటే నష్టమే.

కుండీ నుంచి మొక్కను తీసి చూడండి. వేళ్లు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటే ఆ మట్టిని మెల్లగా విదిలించి కొత్తదానిలో పెట్టండి. ఆమ్ల మొక్కలకని అమ్మే ఎరికేషియస్ కంపోస్ట్ రెండు వంతులు, మాగిన పైన్ బెరడు ముక్కలు ఒక వంతు, పెర్లైట్ ఒక వంతు. పాత కుండీ కంటే రెండు మూడు అంగుళాలు వెడల్పున్నది చాలు. పెద్ద తొట్టిలో చిన్న మొక్క పెడితే వేళ్లు చేరని తడి మట్టి పులిసి కుళ్లు మొదలవుతుంది. అతి ముఖ్యం, వేరుముద్ద పై అంచు కొత్త మట్టితో సమంగా ఉండాలి, వీలైతే అర అంగుళం పైకి. లోతుగా పాతిన రోడోడెండ్రాన్ చచ్చేది మెల్లగా, ఏడాదో రెండేళ్లో తీసుకుని. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

పైన 5 సెంటీమీటర్ల మందాన పైన్ బెరడు పరచండి, కాండానికి తగలనీయకండి. ఇకపై వాన నీళ్లు పోయండి. వాన నీరు అయిపోయిన వారం కుళాయి నీళ్లు పోసినా ప్రమాదం లేదు. వేళ్లు ఎండడం కంటే అదే నయం. వెంటనే పచ్చదనం రావాలంటే చెలేటెడ్ ఐరన్‌ను (వేరుకు అందే రూపంలో ఉన్న ఇనుము) ప్యాకెట్ మీది మోతాదులో మట్టికి ఇవ్వండి. మన బత్తాయి తోటల్లో వాడే అన్నభేది, నిమ్మ ఉప్పు ద్రావణాన్ని దీనిపై చల్లకండి. ఈ చిన్న ఆకుల మీద మచ్చలు పడతాయి. పసుపెక్కిన పాత ఆకులు పూర్తిగా తిరిగి పచ్చబడకపోవచ్చు. కొత్త చిగురు రంగు చూసి ఫలితం అంచనా వేయండి.

ఇక నొక్కులు. అవి వైన్ వీవిల్ అనే ముక్కు పురుగు పని. పెద్ద పురుగు రాత్రిపూట ఆకు అంచు కొరుకుతుంది. దానివల్ల అందం చెడుతుందంతే. మొక్కను చంపేది మట్టిలోని దాని పిల్ల. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల, వంకీలా ముడుచుకుని ఉంటుంది. వేళ్లు తిని, కాండం మొదలు చుట్టూ బెరడు గీకేస్తుంది. పైకి నీటి ఎద్దడిలా వాడిపోవడం కనిపిస్తుంది, నీళ్లు పోస్తే తేరుకోదు. కుండీ మారుస్తున్నారు కాబట్టి దొరికినవాటిని ఏరేయండి. ఆగస్టు చివర నుంచి అక్టోబరులోపు, మట్టి ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ఈ పురుగుపై పనిచేసే నులిపురుగుల పొడిని నీళ్లలో కలిపి తడి మట్టిలో పోయండి. పొడిమట్టిలో అవి కదలలేవు. చాలామందికి ఇది పనిచేయకపోవడానికి కారణం అదే.

సియాటిల్. మొక్క ఆరోగ్యంగా, దట్టంగా ఉంది. మూడేళ్లుగా పువ్వు లేదు. గడ్డికి ఎరువు వేసేటప్పుడు దీనికీ వేస్తున్నాం, ప్రతి శరదృతువులో గుండ్రంగా కత్తిరిస్తున్నాం.

మీ ప్రశ్నలోనే జవాబుంది. వచ్చే వసంతానికి పూయాల్సిన మొగ్గ ఈ ఎండాకాలంలోనే, జూలై, ఆగస్టుల్లో కొమ్మ చివర తయారవుతుంది. అక్టోబరులో కత్తెర పెడితే ఆకులతోపాటు పూలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. కత్తిరింపు చేయాలంటే పూత వాడిన వారం, పది రోజుల్లో ముగించాలి. అసలు పొట్టి జాతులకు కత్తిరింపు అవసరం తక్కువ. వాడిన గుత్తుల మీద కత్తెరతో పైపైన ఒకసారి సాగిస్తే చాలు.

గడ్డి ఎరువులో నత్రజని ఎక్కువ. అది ఆకునే తోస్తుంది. పైగా ఆలస్యంగా వేస్తే శరదృతువులో లేత చిగురు వచ్చి తొలి మంచుకే నల్లబడుతుంది. పూత అయ్యాక ఒక్కసారి, ఆమ్ల మొక్కల ఎరువు, చెప్పిన మోతాదులో సగం. జూన్ దాటాక వేయవద్దు. కొండ మీద దీనికి ఎవరూ ఎరువు వేయలేదు.

మీ ఊళ్లో చలికాలమంతా వానే అయినా జూలై, ఆగస్టు పొడిగా ఉంటాయి. సరిగ్గా మొగ్గ కట్టే సమయం. ఆ రెండు నెలలు వారానికోసారి, పైపైన తడపకుండా వేరుముద్ద మొత్తం నానేలా నీళ్లివ్వండి. నీడ కూడా చూసుకోండి. పెద్ద ఆకు రోడోడెండ్రాన్లు చెట్లకింద బాగుంటాయి గానీ చెట్టులేని కొండ మీద పుట్టిన ఈ పొట్టివాటికి మీలాంటి చల్లని చోట సగం రోజైనా ఎండ కావాలి. సెప్టెంబరులో కొమ్మ చివర చూడండి: లావుగా గుండ్రంగా ఉంటే పూమొగ్గ, సన్నగా కొనదేలి ఉంటే ఆకుమొగ్గ.

వీలుంటే మీ దగ్గర్లోని ఫెడరల్ వేలో రోడోడెండ్రాన్ స్పీసీస్ బొటానికల్ గార్డెన్ ఉంది; హిమాలయ జాతులను ఎలా నాటారో, ఎంత ఎండలో పెట్టారో కళ్లారా చూసి రావచ్చు.

టొరంటో. మంచు కరిగాక చూస్తే పైకొమ్మల ఆకులన్నీ గోధుమరంగులో ఎండిపోయాయి. కింది సగం పచ్చగానే ఉంది. చలికి చచ్చిపోయిందా?

పచ్చగా ఉన్న కింది సగం మంచులో కప్పబడి ఉన్న భాగం అయ్యుంటుంది. మంచు దుప్పటిలా పనిచేస్తుంది. దాని కింద ఉష్ణోగ్రత సున్నాకు కొంచెం దిగువనే ఉంటుంది, గాలి తగలదు. బయట మిగిలిన ఆకులకు ఫిబ్రవరి ఎండ, పొడిగాలి తగిలి తేమ ఆవిరైపోతుంది. నేల గడ్డకట్టి ఉండడంతో వేరు కొత్త నీరు ఇవ్వలేదు. అంటే చాలాసార్లు ఇది చలి దెబ్బ కాదు, దాహం. చలిలో ఆకులు ముడుచుకుని వేలాడడం మాత్రం రోగం కాదు. అది మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి.

ఇప్పుడే నరకవద్దు. మే చివరిదాకా ఆగి, కొమ్మ మీద గోటితో గీరండి. కింద పచ్చగా ఉంటే చిగురిస్తుంది, గోధుమరంగు ఉంటే పచ్చదనం కనిపించేదాకా కోసేయండి. వచ్చే ఏడు నేల గడ్డకట్టకముందే, నవంబరులో, బాగా నీళ్లు పెట్టండి. గాలి వచ్చే వైపు గోనెగుడ్డ తెర కట్టండి. ప్లాస్టిక్ చుట్టవద్దు, ఎండకు లోపల ఉడికిపోతుంది. దారిలో తీసిన మంచును దీనిపై పోయడం మంచిదే, ఉప్పు చల్లిన దారిదైతే మాత్రం కాదు.

కొత్తది కొనేట్టయితే అడవి జాతుల కంటే రామపో లాంటి చలికి గట్టి సంకర రకాన్ని ఎంచుకోండి. కుండీలో పెంచాలనుకుంటే, వేళ్లు ఆకులంత చలిని తట్టుకోవని గుర్తుంచుకోండి. చలికాలం కుండీని నేలలో పాతిపెట్టాలి, లేదా వేడి చేయని గరాజులో ఉంచాలి.

మ్యూనిక్. ఆల్ప్స్‌లో రెండు రకాల ఆల్పెన్‌రోజ్ (అక్కడి పొట్టి రోడోడెండ్రాన్) చూశాం. మా తోటలో సున్నపు గులకమట్టి. ఏది పెట్టాలి?

హిర్సూటమ్. ఆకు అంచున వెంట్రుకలుంటాయి, సున్నపు రాతి కొండల మీదే పెరుగుతుంది. రోడోడెండ్రాన్లలో అది అరుదైన గుణం. రెండోది ఫెరుజినియమ్, ఆకు వెనక తుప్పురంగు; దానికి ఆమ్ల నేల తప్పదు. రెండూ కలిసేచోట సంకరాలు కూడా ఉంటాయి కాబట్టి నర్సరీలో అంచు వెంట్రుకలు చూసి కొనండి. సున్నం తట్టుకునే వేరుమొక్క మీద అంటుకట్టిన ఇంకార్హో మొక్కలు మీ దేశంలోనే తయారవుతున్నాయి, అదీ ఒక దారి. సున్నం తట్టుకున్నా నిలవ నీటిని ఏదీ తట్టుకోదు. గులకమట్టి ఆ విషయంలో మీకు అనుకూలమే, బెరడు, ఆకుల ఎరువు కలిపి తేమ నిలిచేలా చేస్తే చాలు.

కొండమీద ఈ పూల వాసన పీలిస్తే తలనొప్పి వస్తుందని గైడ్ చెప్పాడు. నిజమా? (వరంగల్ నుంచి)

పాత నమ్మకం. 1848-50 మధ్య సిక్కింలో తిరిగిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ కూడా ఈ మాట నమోదు చేశాడు. ఎత్తైన కనుమలు దాటేటప్పుడు వచ్చే తలనొప్పికి అక్కడివాళ్లు ఆంథోపోగాన్, సెటోసమ్ పొదల ఘాటైన వాసనే కారణమంటారని. ఆ పొదలు మొదలయ్యే ఎత్తూ, ఆక్సిజన్ తగ్గి తలనొప్పి మొదలయ్యే ఎత్తూ ఒకటే కావడంతో నేరం మొక్క మీద పడింది. ప్రమాదమేమిటంటే, వాసనే కదా అని జనం పైకి నడుస్తూనే ఉంటారు. తలనొప్పికి వాంతులు, తూలడం తోడైతే వాసన గురించి ఆలోచించకుండా వెంటనే కిందికి దిగండి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి.

నేపాల్ నుంచి సున్‌పాతీ ఆకు తెచ్చారు. ధూపం వేస్తున్నాం. టీ కాచుకోవచ్చంటున్నారు. తాళీసపత్రం ఇదేనా? (నిజామాబాద్ నుంచి)

ధూపానికి వాడండి, హిమాలయ గ్రామాల్లో, బౌద్ధ ఆరామాల్లో దాని అసలు ఉపయోగం అదే. టీ వద్దు. అక్కడ కొందరు తాగే మాట నిజమే, కాని వాళ్లకు ఏ పొద ఏదో తెలుసు. ఎండి పొడైన ఆకులో ఏ జాతి కలిసిందో మీరు చెప్పలేరు. రోడోడెండ్రాన్లలో చాలావాటికి గ్రేయనోటాక్సిన్ అనే విషం ఉంది. అది నరాల, గుండె కణాల్లోని సోడియం దారులను మూతపడనివ్వదు. చొంగ, వాంతులు, తల తిరగడం, నాడి నెమ్మదించడం, రక్తపోటు పడిపోవడం కనిపిస్తాయి. రోడోడెండ్రాన్ పూల నుంచి వచ్చే నేపాల్ పిచ్చితేనెలో ఉన్నదీ ఇదే. ఎవరైనా తాగి ఇలా అయితే ఆసుపత్రికి తీసుకెళ్లి ఏం తాగారో చెప్పండి, మిగిలిన ఆకు వెంట పట్టుకెళ్లండి. ఉత్తరాఖండ్‌లో అమ్మే బురాన్ష్ షర్బత్ వేరు. అది చెట్టు రకం పూరేకులతో చేసేది.

తాళీసాది చూర్ణానికి ఆయుర్వేదం అంగీకరించిన తాళీసపత్రం హిమాలయాల్లో పెరిగే ఏబీస్ (ఫర్) చెట్టు ఆకు. కొన్నిచోట్ల ఆంథోపోగాన్ ఆకును కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. కాబట్టి విడి ఆకు కొని ఇంట్లో దంచుకోవద్దు.

ఆన్‌లైన్లో నీలిరంగు, నల్లరంగు రోడోడెండ్రాన్ విత్తనాలు కొన్నాం. ఆవగింజంత ఉన్నాయి. నాటే పద్ధతి? (కడప నుంచి)

అవి రోడోడెండ్రాన్ విత్తనాలు కావు. అసలు విత్తనం పొడిలా ఉంటుంది, గ్రాముకు వేలల్లో వస్తుంది. నాచు మీద చల్లి, మట్టి కప్పకుండా, వెలుతురులో 15 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. పువ్వుకు మరో మూడు నుంచి ఐదేళ్లు. నల్లపూల జాతి లేదు. వచ్చినవాటిని ఏమిటో తెలుసుకోవాలనిపిస్తే ఒక కుండీలో నాలుగు గింజలు వేసి చూడండి, డబ్బు వాపసు అడిగాక.